తేదీలు వ్రాయుటయు, బ్రౌజరులు వానిని చదువుటయు

గత సంవత్సరము మా పాఠశాల పదవ తరగతి విద్యార్థు లిద్దఱు ఒకే దినమున, ఒకే కంప్యూటరు ముందు కూర్చుండి, విద్యార్థివేతనమునకై అంతర్జాలములో దరఖాస్తు చేసికొనిరి. బాలుడు పుట్టినది 2010 జూన్ 18. బాలిక పుట్టినది 2010 జూన్ 5. బాలుడు పుట్టినతేదీ గడిలో 18/06/2010 అని వ్రాయగా, ఆ తేదీ చెల్లదని ఎఱ్ఱని అక్షరములు తెఱమీద కనబడెను. ఉపాధ్యాయుడు వచ్చి, నెలను ముందునకు తెచ్చి మరల వ్రాయించిన పిమ్మట గాని దరఖాస్తు సాగలేదు. బాలిక 05/06/2010 అని వ్రాసెను. యంత్రము మాఱు పలుకక తీసికొనెను. కష్టము బాలునికే కలిగినదనియు, బాలిక పని సులువుగా నెఱవేఱినదనియు మేమందఱము తలచితిమి.

మా తలపు తప్పు. నాలుగు నెలలు గడచి ధ్రువపత్రముల పరిశీలన జరిగినప్పుడు, బాలిక దరఖాస్తులో 2010 మే 6 అనియు, పాఠశాల ప్రవేశపుస్తకములో 2010 జూన్ 5 అనియు ఉండెను. రెండును సరిపోలలేదు గావున దరఖాస్తు ఆగిపోయెను. ఆమె తండ్రి మిరపకోతల దినములలో మూడుమాఱులు జిల్లాకేంద్రమునకు తిరిగి, మూడు దినముల కూలి పోగొట్టుకొని, గడువునకు కొలదిగా ముందు దానిని దిద్దించుకొని వచ్చెను. బాలికకు వేతనము దక్కినది. కాని ఆమె వ్రాసినది సరియైన తేదీయే కదా. యంత్రము దానిని మఱియొక తేదీగా నేల చదివెను? చదివినను ఒక మాటయైన నేల చెప్పలేదు? ఈ ప్రశ్నలకు సమాధానము మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలిసియుండుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఏటి కీవల నొక లెక్క, ఆవల నొక లెక్క

ఒకే వ్రాతను ఇద్దఱు రెండు విధములుగా చదువుట మన సీమకు క్రొత్త గాదు. గోదావరి ఎడమగట్టున నున్న భద్రాచలము తాలూకాను నిజాము ప్రభుత్వము 1860వ సంవత్సరమున ఇంగ్లీషువారికి వదలుకొనెను. అది 1874లో చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. కుడిగట్టున బూర్గంపహాడు మొదలగు గ్రామములు నిజాము రాజ్యములోనే నిలిచినవి. రెండు గట్టులందును భూమిశిస్తు లెక్కలను ఫసలీ సంవత్సరములలోనే వ్రాయుచుండిరి. క్రీస్తుశకమునుండి 590 తీసివేసిన అంకె రెండుచోట్లను ఫసలీయే. అయితే చెన్నరాజధానిలో ఫసలీ జూలై 1వ తేదీన మొదలగుచుండెను. నిజాము రాజ్యమున అక్టోబరు నెలలో, ఆజర్ అను పారసీక మాసముతో మొదలగుచుండెను. కావున 1941 ఆగష్టు నెలలో పడవమీద ఏఱు దాటిన రైతు భద్రాచలమున 1351వ ఫసలీలో బయలుదేరి, ఆవలిగట్టున 1350వ ఫసలీలో దిగెను! అంకెలలో అబద్ధము లేదు, ఏ కరణమును తప్పు వ్రాయలేదు. ఒక గట్టు కాగితమును ఆవలిగట్టు లెక్కతో చదివినప్పుడే తగవు పుట్టును.

మన యిండ్లలో నిట్టి వింత మఱియొకటి కలదు. మంగళవారము రాత్రి రెండు గంటలకు శిశువు పుట్టెననుకొందము. పంచాంగము ప్రకారము దినము సూర్యోదయముతో మొదలగును గావున, బామ్మగారు మంగళవారమే యందురు. ఆసుపత్రి పుస్తకములో దినము నడురేయి మొదలగును గావున బుధవారమని వ్రాయుదురు. పుట్టిన క్షణ మొక్కటే, వారములు రెండు.

సంవత్సరముల పేళ్లును అట్టివే. ప్రభవాది సంవత్సరము లరువది తిరిగితిరిగి వచ్చును. క్రోధి సంవత్సరమున పుట్టితినని యొకడు చెప్పినచో, అతడు 1964-65లో పుట్టినవాడో, 2024-25లో పుట్టినవాడో మనిషిని చూడక తెలియదు. కాకతీయులనాటి శాసనములలో సంవత్సరనామముతోపాటు శకవర్షపు అంకెను గూడ చెక్కించుట ఇందులకు మంచి విరుగుడు. పేరొక్కటే చాలదని నాటి పెద్దలెఱుగుదురు.

వీనివలన తేలున దేమనగా, తేదీ యనునది వ్రాసినవాని చేతిలోనే పూర్తి కాదు. చదువువాడు ఏ కట్టుబాటును అనుసరించి చదువునో అదియును తేదీలో నొక భాగమే. ఈ యొక్క మాటను మనస్సున నుంచుకొన్నచో కంప్యూటరు సంగతి సులభముగా బోధపడును.

బ్రౌజరు తేదీని చదువు విధము

అంతర్జాలపు పుటలను తెచ్చి మనకు చూపు పనిముట్టునకు బ్రౌజరని పేరు. క్రోము, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్ అనునవి నేడు విరివిగా వాడుకలో నున్నవి. పుటలో మనము వ్రాసిన దానిని పరీక్షించుటకును, లెక్కించుటకును ప్రతి బ్రౌజరులోను జావాస్క్రిప్టు అను భాష పనిచేయును. దీనిని 1995లో నెట్‌స్కేపు కంపెనీలో బ్రెండన్ ఐక్ నిర్మించెను. తేదీలకు సంబంధించిన భాగము జావా అను వేఱొక భాషనుండి తీసికొనబడినది. దానితోపాటు కొన్ని వింత యలవాటులును వచ్చినవి. అందు దినములను ఒకటినుండియు, నెలలను సున్ననుండియు లెక్కింతురు. కావున 5 అను నెల మే కాదు, జూన్!

జావాస్క్రిప్టు తేదీని మనవలె దినము, నెల, సంవత్సరము అని దాచుకొనదు. 1970 జనవరి 1వ తేదీ నడురేయి మొదలుకొని ఎన్ని మిల్లీసెకండులు గడచినవో ఆ యంకెనే దాచుకొనును. ఆ నడురేయి మన నడురేయి గాదు. యూటీసీ అని పిలువబడు ప్రపంచ ప్రమాణకాలపు నడురేయి. కావున మనము వ్రాసిన 05/06/2010 అను అక్షరములను ముందుగా పోల్చుకొని, ఏది దినము, ఏది నెల అని నిశ్చయించి, ఆ పెద్ద యంకెగా మార్చవలెను. చిక్కంతయు ఈ పోల్చుకొనుటలోనే యున్నది.

ఈ భాషకు 1997 జూన్ నెలలో ప్రమాణగ్రంథము ఏర్పడెను. దానికి ఎక్మాస్క్రిప్టు అని పేరు. ఆ గ్రంథము తేదీలను ఏయే రూపములలో అంగీకరింపవలెనో వివరింపక, చాలవఱకు బ్రౌజరు నిర్మాతల యిష్టమునకు విడిచెను. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున వ్రాసికొనిరి. 2009 డిసెంబరులో వచ్చిన అయిదవ కూర్పు ఒక్క రూపమును మాత్రము అందఱును తప్పక చదువవలెనని నియమించెను. అది 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణమును అనుసరించినది. ముందు నాలుగంకెల సంవత్సరము, పిదప రెండంకెల నెల, పిదప రెండంకెల దినము, నడుమ అడ్డుగీతలు. బాలిక పుట్టినతేదీ ఆ రూపమున 2010-06-05 అగును. తక్కిన రూపములన్నియు నేటికిని బ్రౌజరు తనకు తోచినట్లు చదువుకొనవచ్చునని ఆ గ్రంథమే యనుచున్నది.

భేదములు కలుగు తావులు

మొదటిది, దినమునకును నెలకును గల వరుస. మనము దినమును ముందు వ్రాయుదుము. అమెరికావారు నెలను ముందు వ్రాయుదురు. జావాస్క్రిప్టు పుట్టినది అమెరికాలో గావున, 05/06/2010 అను వ్రాతను బ్రౌజరులు మే 6 అనియే చదువును. ఆ కంప్యూటరు ఖమ్మములో నున్నను, భద్రాచలములో నున్నను ఈ చదువు మాఱదు. 18/06/2010 అని వ్రాసినచో, పదునెనిమిదవ నెల లేదు గావున చెల్లదని త్రోసివేయును. మా బాలునికి కలిగిన అడ్డంకి ఇదియే. బాలికకు కలిగిన మోసమును ఇదియే.

ఈ సందర్భమున మా విద్యార్థులు చిన్నలెక్క యొకటి వేసి చూచిరి. ప్రతినెలలోను మొదటి పండ్రెండు దినములను నెల యంకెలుగా పొరబడవచ్చును. పండ్రెండు నెలలకు 144 దినములగును. అందు 1-1, 2-2 మొదలుకొని 12-12 వఱకు గల పండ్రెండు తేదీలను ఎట్లు చదివినను ఒక్కటే. తక్కిన 132 దినములు తారుమారగును. ఏడాదిలోని 365 దినములలో 221 దినములు తిరస్కరింపబడును గావున పొరపాటు వెంటనే బయటపడును. 132 దినములలో పుట్టినవారి తేదీలు మాత్రము సద్దు చేయక మాఱిపోవును. అనగా నూటికి ముప్పది యాఱుగురు.

మన యడవి యంచు గ్రామములలో దీని బలము మఱింత యెక్కువ. పూర్వము చాలమంది తల్లులు బిడ్డ పుట్టిన తేదీని అంకెలలో నెఱుగరు. ఇప్పపూలు రాలు దినములనియో, మొదటి వాన పడిన వారమనియో చెప్పెడివారు. బడిలో చేర్చుకొను ఉపాధ్యాయుడు వయస్సు నంచనా వేసి, జూన్ 1 అని పుస్తకములో వ్రాయుట వాడుక. అట్లు వ్రాయబడిన 01/06 అను తేదీ నెల ముందు చదువు యంత్రమునకు జనవరి 6 అగును. అయిదు నెలల వయస్సు ఒక్క క్షణములో పెరుగును.

రెండవది, లేని తేదీలు. ఫిబ్రవరి 30 అను దినము లేదని మూడవ తరగతి బాలుడెఱుగును. అయినను 2023-02-30 అని వ్రాసియిచ్చినప్పుడు, చాలకాలము ఫైర్‌ఫాక్స్ అది చెల్లదనుచుండగా, క్రోము దానిని మార్చి 2వ తేదీగా లెక్కకట్టి తీసికొనుచుండెను. ఒకే పుట, ఒకే ప్రశ్న. ఒక బ్రౌజరులో తప్పు, మఱియొక బ్రౌజరులో ఒప్పు. పుటను వ్రాసినవాడు మొదటి దానిలోనే పరీక్షించి చూచుకొన్నచో, తన పుట లేని తేదీలను పట్టుకొనుచున్నదని నమ్మి నిద్రించును. రెండవ బ్రౌజరు వాడువారి దరఖాస్తులలో తప్పులు చేరుచునే యుండును.

మూడవది, గీతలును సున్నలును. 2010-06-05 అను దానికిని, 2010-6-5 అను దానికిని మనకు భేదము తోచదు. ప్రమాణగ్రంథమునకు మొదటిదే సమ్మతము. రెండవ దానిని సఫారీ చాలకాలము నిరాకరించెను. క్రోము అంగీకరించును గాని, మొదటి దానిని యూటీసీ నడురేయిగాను, రెండవ దానిని మన నడురేయిగాను చదువును. రెండు సున్నలు లేకపోవుటచే అయిదున్నర గంటల తేడా కలిగెనన్న మాట! తేదీకిని గంటలకును నడుమ ప్రమాణము కోరు టి అను అక్షరమునకు బదులు ఖాళీ విడిచినను ఇట్టి చిక్కే. క్రోము చదువుచుండెను, సఫారీ పెక్కేండ్లు చెల్లదనెను. ఒకే దరఖాస్తు ఒక విద్యార్థి సెల్‌ఫోనులో తెఱచుకొని, ప్రక్కవాని సెల్‌ఫోనులో తెఱచుకొనకపోవుటకు ఇట్టి చిన్న ఖాళీ యొక్కటి చాలును.

నాలుగవది, రెండంకెల సంవత్సరము. పెద్దలు నేటికిని 48, 52 అని కుఱుచగా వ్రాయుదురు. క్రోము 50 మొదలు 99 వఱకు గల యంకెలను 1900లలోను, 49 వఱకు గల వానిని 2000లలోను చేర్చును. కావున 1952లో పుట్టిన అవ్వ 1952లోనే యుండును. 1948లో పుట్టిన తాత 2048లో పుట్టబోవు శిశువగును. కొన్ని పాత బ్రౌజరులు అన్నింటిని 1900లలోనే చేర్చెడివి. అందువలన 2014లో పుట్టిన బాలుడు నూఱేండ్లు నిండిన వృద్ధుడయ్యెడివాడు. క్రోధినామ సంవత్సరపు సందిగ్ధమే ఇక్కడ అంకెల వేషము వేసికొని వచ్చినది.

అయిదవది, దినము మొదలగు వేళ. మన దేశకాలము 1906 జనవరి 1వ తేదీనుండి, కాకినాడ చేరువగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి, యూటీసీకి అయిదున్నర గంటలు ముందుగా నడచుచున్నది. 2010-06-05 అని తేదీ మాత్రమే యిచ్చినచో బ్రౌజరు దానిని యూటీసీ నడురేయిగా తీసికొనును. అప్పుడు మనకు ఉదయము అయిదున్నర. దినము మాఱదు గావున మనకు తెలియదు. అదే క్షణము అమెరికాలో డల్లాస్ నగరమున నున్న తెలుగువారికి జూన్ 4 సాయంకాలము ఏడు గంటలు. వారి తెఱమీద బాలిక పుట్టినరోజు జూన్ 4 అని కనబడును.

మనకు చేటు ఎదురుదిశనుండి వచ్చును. మన నడురేయిని యూటీసీలోనికి మార్చి వ్రాసినప్పుడు, జూన్ 5 నడురేయి జూన్ 4 సాయంకాలము 18.30 గంటలగును. పుట వ్రాసినవాడు గంటలతో పనిలేదని మొదటి పది అక్షరములను కత్తిరించి పంపినచో, 2010-06-04 అని దాఖలగును. పుట్టినదినము ఒకనాడు వెనుకకు జరుగును. పంచాంగపు మంగళవారమునకును, ఆసుపత్రి బుధవారమునకును గల తగవే యిది.

ఈ విషయమున ప్రమాణగ్రంథమే తన మాటను మార్చుకొనెను. దేశకాలము పేర్కొననప్పుడు యూటీసీ అని 2009 కూర్పు చెప్పెను. స్థానిక కాలమని 2015 కూర్పు చెప్పెను. తేదీ మాత్రమే యున్న యూటీసీ, గంటలు గూడ నున్న స్థానిక కాలము అని 2016 కూర్పు తీర్చెను. శాసనమే మూడు విధములుగా మాఱినప్పుడు బంటులు వేఱువేఱుగా నడచిరని వింతపడనేల?

తేదీ గడి

ఈ చిక్కులను తప్పించుటకు హెచ్‌టీఎంఎల్ 5 అను పుటల భాషలో తేదీకొఱకే యొక ప్రత్యేకమైన గడి యేర్పడెను. దానిని నొక్కిన కాలెండరు తెఱచుకొనును, దినమును ఎన్నుకొనవచ్చును. బయటికి ఎట్లు కనబడినను, లోపల అది ఎల్లప్పుడు సంవత్సరము, నెల, దినము అను వరుసలోనే పంపును. ఇది చాల మంచి యేర్పాటు. కాని బ్రౌజరులన్నియు దీనిని ఒక్కసారి స్వీకరింపలేదు. క్రోములో 2012లోను, ఫైర్‌ఫాక్స్‌లో 2017 నవంబరులోను, మాక్ కంప్యూటరుల సఫారీలో 2021 ఏప్రిల్‌లోను ఇది వచ్చెను. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 2022 జూన్‌లో విరమించు వఱకు దీనిని స్వీకరింపనే లేదు. ఎఱుగని బ్రౌజరు ఆ గడిని సామాన్యమైన వ్రాతగడిగా చూపును. అప్పుడు కథ మొదటికి వచ్చును.

స్వీకరించిన బ్రౌజరులలోను ఒక జాగ్రత్త అవసరము. గడిలో కనబడు వరుస ఆ కంప్యూటరు భాషా అమరికను బట్టి యుండును. మా కంప్యూటరు గదిలో రెండు యంత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచితిమి. ఒకదానిలో భారతదేశపు ఇంగ్లీషును, రెండవదానిలో అమెరికా ఇంగ్లీషును అమర్చితిమి. ఒకే విద్యార్థి రెండింటను 05, 06, 2010 అని వరుసగా మీటలు నొక్కెను. మొదటిది జూన్ 5 అని గ్రహించెను, రెండవది మే 6 అని గ్రహించెను. యంత్రములు తప్పు చేయలేదు. ఖాళీ గడిలో దినమునకు డి, నెలకు ఎమ్, సంవత్సరమునకు వై అను అక్షరముల వరుస లేతరంగులో ముందే కనబడుచుండెను. తొందరలో మేము దానిని చూడము, అంతియే.

చేయవలసిన దేమి?

మా విద్యార్థులలో కొందఱు మున్ముందు ఇట్టి పుటలను నిర్మించువారగుదురు. వారు జ్ఞాపకముంచుకొనవలసినవి కొన్ని గలవు. మనుష్యుడు వ్రాసిన తేదీని బ్రౌజరు ఊహకు విడువరాదు. దినము, నెల, సంవత్సరము మూడు వేఱు గడులలో అడుగుట మేలు. నెలను పేరుతో చూపుట మఱియు మేలు. తీసికొన్న మూడంకెలతో తేదీని కట్టి, కట్టిన తేదీనుండి మరల మూడంకెలను రాబట్టి సరిపోల్చవలెను. ఫిబ్రవరి 30 ఇచ్చి మార్చి 2 తిరిగి వచ్చినచో అది లేని తేదీయని తెలిసిపోవును. పుట్టినతేదీకి గంటలతో సంబంధము లేదు గావున దానిని యూటీసీలోనికి మార్చకుండ, 2010-06-05 అను అక్షరములుగానే దాచవలెను. బ్రౌజరులో పరీక్షించినది చాలదు, దాఖలు చేసికొను యంత్రమును మరల పరీక్షింపవలెను. పరీక్షించునపుడు 18వ తేదీతోనే గాక 5వ తేదీతోను పరీక్షింపవలెను. 18తో పట్టుబడని దొంగ 5తో పట్టుబడును.

భాషను తీర్చువారును ఊరకుండలేదు. టెంపొరల్ అను క్రొత్త యేర్పాటు జావాస్క్రిప్టులో చేరుచున్నది. 2025 మే నెలలో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 139వ కూర్పులో అది తొలుత కనబడెను. అందు గంటలతో పనిలేని శుద్ధమైన తేదీకి వేఱుగా స్థానము కలదు. నెలలు ఒకటినుండి మొదలగును. 2023-02-30 అని వ్రాసియిచ్చినచో మార్చికి జరుపక తప్పని చెప్పును. అయినను పాత పుటలు పాత యేర్పాటుతోనే చిరకాలము నడచును గావున మన జాగ్రత్త మనకు ఉండవలసినదే.

తల్లిదండ్రులకును, చిన్నవారికిని మా విన్నపము లివి. గడిలో దినము ముందా, నెల ముందా యని చూడక అంకె వేయవద్దు. కాలెండరు తెఱచుకొన్నచో అందుండియే ఎన్నుకొనుడు. సంవత్సరమును నాలుగంకెలతోనే వ్రాయుడు. దరఖాస్తు పంపుటకు ముందు కనబడు పుటలో నెల పేరును నోటితో చదివి చూచుకొనుడు. అంకెలు మాత్రమే కనబడినచో, ముద్రించిన ప్రతి చేతికి వచ్చిన దినముననే ప్రవేశపుస్తకముతో సరిచూచుకొనుడు. మీ బిడ్డ నెలలో మొదటి పండ్రెండు దినములలో పుట్టినచో రెండుమాఱులు చూడుడు. యంత్రము మాఱు పలుకలేదని సంతోషింపవలదు. మాఱు పలుకకుండుట అంగీకారమే గాని సత్యము గాదు.

ఇంత చిన్న విషయమునకు ఇంత విస్తరమేల యని కొందఱనవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సవరణ చట్టము ప్రకారము, ఆనాటినుండి పుట్టిన శిశువులకు బడిలో చేర్చుటకును, ఓటరగుటకును, ఉద్యోగమునకును జననధ్రువపత్రమే తేదీకి సాక్ష్యము. ఒకచోట దాఖలైన తేదీ జీవితమంతయు వెంట నడచును. పట్టణమున నున్నవాడు తప్పు దిద్దించుకొనుటకు ఒక పూట సెలవు పెట్టును. అడవి యంచున నున్నవాడు మూడు దినముల కూలి పోగొట్టుకొనును. ఆ కూలి మా కంటి యెదుట పోయినది గావున మేము దీనిని చిన్న విషయమని యెంచజాలము.

ఆ బాలుని దరఖాస్తును తిరుగగొట్టిన ఎఱ్ఱని అక్షరములను ఆనాడు మేము విసుగుకొంటిమి. నేడు ఆలోచింపగా, ఆ యంత్రము చేసిన మేలు అదియొక్కటే. తెలియనిదానిని తెలియదనుట మనుష్యునకు మర్యాద. యంత్రమునకును అదియే మర్యాద. ఈ సంవత్సరము మొదలుకొని మా పాఠశాలలో ఏ దరఖాస్తు పంపినను, ముందుగా నొక విద్యార్థి ప్రవేశపుస్తకమునుండి పుట్టినతేదీని నెల పేరుతో బిగ్గరగా చదువును. రెండవ విద్యార్థి తెఱమీద చూచి బదులు చెప్పును. ఆ బాలికయే ఈ పద్ధతికి మొదటి చదువరి. ఇంతవఱకు పంపిన దరఖాస్తులలో మూడింటిని పంపకముందే ఆమె ఆపి దిద్దించినది.